ప్లాటు ఉంది, కట్టిన ఇల్లు ఒకటి అమ్మకానికి కూడా ఉంది: కట్టుకోవాలా, కొనుక్కోవాలా?

ముందుగా మీ ప్రశ్నను నేను ఎలా అర్థం చేసుకున్నానో చెబుతాను. మీ దంపతులిద్దరూ ఉద్యోగులు. హనుమకొండలో నెలకు 14,000 రూపాయల అద్దెకు ఉంటున్నారు. 2014లో హసన్‌పర్తి వైపు కొన్న 200 గజాల ప్లాటు ఉంది, అమ్మితే 36 లక్షలు పలుకుతుందంటున్నారు. ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణ) కోసం 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేశారు గానీ మిగతా రుసుము ఇంకా చెల్లించలేదు. చేతిలో 14 లక్షల పొదుపు ఉంది. ఇంతలో పిల్లల బడికి దగ్గర్లో 150 గజాల స్థలంలో, కింద 950, పైన 650 చదరపు అడుగులతో పన్నెండేళ్ల క్రితం కట్టిన ఇల్లు 88 లక్షలకు అమ్మకానికి వచ్చింది. మీ నాన్నగారు సొంతంగా కట్టుకోమంటున్నారు, మీ శ్రీమతి ఆ ఇల్లు కొందామంటున్నారు. ఏది మేలని అడిగారు.

నేను సివిల్ ఇంజినీరుని. 26 ఏళ్లుగా వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇళ్లు కట్టించడమే నా వృత్తి. అయినప్పటికీ మీకు నేను చెప్పేది ఇదే: మీ పరిస్థితిలో ఆ కట్టిన ఇల్లు కొనడమే మేలు, అయితే 88 లక్షలకు కాదు, 78 నుంచి 82 లక్షల మధ్యలో, అది కూడా కింద చెప్పబోయే పరీక్షల్లో ఆ ఇల్లు నిలబడితేనే. ఆ పరీక్షల్లో అది నిలబడకపోతే మరో పాత ఇల్లు వెతకండి. ఆ తొందరలో ప్లాటులో పునాది తీయవద్దు. మీ ఇద్దరిలో ఒకరు కనీసం పది నెలలపాటు రోజూ సైటులో ఉండగలిగే వీలు దొరికిన నాడు మాత్రం నా సమాధానం మారుతుంది.

కారణాల్లో మొదట డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది కట్టుకుంటే చవక అనే నమ్మకంతోనే మొదలుపెడతారు. మీరు కొనాలనుకునే ఇంటి ధరను స్థలం, కట్టడం అని రెండుగా విడదీయండి. ఆ వీధిలో గజం 35,000 అని మీరే రాశారు కాబట్టి 150 గజాలకు 52 లక్షల 50 వేలు. ఇక కట్టడం. ఇప్పుడు మా ప్రాంతంలో మామూలు నాణ్యతతో, మెటీరియల్‌తో సహా, చదరపు అడుగుకు సుమారు 2,000 రూపాయలు అవుతోంది. ఆ లెక్కన 1,600 అడుగులకు 32 లక్షలు, ప్రహరీ, బోరు, సంపు, గేటు కలిపి మరో 4 లక్షలు, మొత్తం 36 లక్షలు. ఇది ఈ రోజు కొత్తగా కడితే అయ్యే ఖర్చు. కాంక్రీటు ఇంటి ఆయుష్షును 60 ఏళ్లుగా తీసుకోవడం మా వృత్తిలో వాడుక. పన్నెండేళ్లు గడిచాయి కాబట్టి ఐదో వంతు తీసేయాలి. మిగిలేది సుమారు 28 లక్షల 80 వేలు. స్థలంతో కలిపితే 81 లక్షల 30 వేలు. రంగులు, కుళాయిలు, బాత్‌రూంల మరమ్మతుకు అవసరమయ్యేది ఇందులోంచి ఇంకా తగ్గించుకోవాలి. ఈ లెక్కను కాగితం మీద రాసి యజమాని ముందు పెట్టండి. ఊరికే ధర తగ్గించమని అడిగేవారి మాట కంటే, లెక్క చూపించి అడిగేవారి మాటకు విలువ ఎక్కువ ఉంటుందని నా అనుభవం.

80 లక్షలకు కుదిరిందనుకుందాం. తెలంగాణలో 2021 జూలై నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం, అంటే 6 లక్షలు. మరమ్మతులకు 4 లక్షలు. అన్నీ కలిపి 90 లక్షలు.

ఇప్పుడు కట్టుకునే లెక్క. ప్లాటు మీదేనని దాని విలువను వదిలేయకూడదు. అమ్మితే వచ్చే 36 లక్షలను మీరు ఆ ఇంట్లో పెడుతున్నట్టే. అదే 1,600 అడుగులకు 32 లక్షలు. బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు 5 లక్షలు. కబోర్డులు, వంటగది చెక్కపని 5 లక్షలు. ఎల్ఆర్ఎస్ బాకీ, అనుమతి, కరెంటు మీటరు వగైరా 2 లక్షలు. ఇది 44 లక్షలు. అనుకున్న అంచనాలో పని ముగించిన యజమానులను నా వృత్తి జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టగలను కాబట్టి 15 శాతం, అంటే 6 లక్షల 60 వేలు అదనంగా వేసుకోండి. కట్టినన్ని రోజులు అద్దె ఆగదు, ఏడాదికి 1 లక్షా 68 వేలు. బ్యాంకు విడతలవారీగా ఇచ్చే 40 లక్షల రుణం మీద ఆ ఏడాదిలో కట్టే వడ్డీ సుమారు 1 లక్షా 70 వేలు. మొత్తం దాదాపు 90 లక్షలే.

రెండు దారుల్లోనూ మీ పొదుపు పోగా 40 లక్షల రుణమే అవసరమవుతోంది. కాబట్టి మీ విషయంలో డబ్బు నిర్ణయించేది ఏమీ లేదు. ఒక దారిలో ఊళ్లో 150 గజాలు, పన్నెండేళ్ల ఇల్లు. మరో దారిలో ఊరి అంచున 200 గజాలు, కొత్త ఇల్లు. కాలం గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, పెరిగేది స్థలం విలువ మాత్రమే. మొదటి దారిలో మీ డబ్బులో యాభై లక్షలకు పైగా స్థలంలో ఉంటుంది, రెండో దారిలో 36 లక్షలు మాత్రమే ఉంటుంది. ఈ తేడాను మీ నాన్నగారికి ఓపికగా వివరించండి.

ఇక అసలు కారణానికి వస్తాను. ఇల్లు కట్టడంలో నాణ్యత అనేది సైటులో మనిషి ఉన్నప్పుడే ఉంటుంది. మేస్త్రీలను నిందించడం నా ఉద్దేశం కాదు. నాకు తెలిసిన మేస్త్రీల్లో ఎక్కువ మంది పని తెలిసినవారు, మాట మీద నిలబడేవారు. కానీ ఒకే రోజు మూడు సైటుల మధ్య తిరిగే మేస్త్రీ యజమాని కనిపించే సైటులోనే ఎక్కువసేపు నిలబడతాడు. పైగా ఇంట్లో ముఖ్యమైన పనులన్నీ ఒకసారి కప్పేశాక మళ్లీ కనిపించనివే. పునాది గుంత గట్టి నేల తగిలేదాకా తవ్వారా లేదా, నల్లరేగడి నేల అయితే దానికి తగ్గట్టు పునాది మార్చారా, పిల్లరు రింగులు డ్రాయింగులో ఉన్నట్టు ఆరంగుళాలకొకటి కట్టారా లేక తొమ్మిదంగుళాలకు జరిపారా, స్లాబు ఇనుము కింద, దాన్ని కాస్త ఎత్తిపట్టే కవర్ బ్లాకులు పెట్టారా, ఇవన్నీ కాంక్రీటు పోసే ముందు ఆ ఒక్క గంటలో చూడవలసినవి. మరునాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే నున్నటి సిమెంటు తప్ప ఏమీ కనబడదు.

ఆరేళ్ల క్రితం ఒక ఉపాధ్యాయ దంపతులు తమ ప్లాటులో లేబర్ కాంట్రాక్టుకు ఇచ్చి ఇల్లు కట్టించుకున్నారు. ఇద్దరి ఉద్యోగాలూ వేరే జిల్లాలో, ఆదివారం మాత్రమే సైటుకు వచ్చేవారు. స్లాబు ఒక బుధవారం వేశారు. కాంక్రీటు తేలికగా జారాలని మిక్సరులో నీళ్లు ఎక్కువ పోశారు. అది మే నెల, నీళ్ల ట్యాంకరు సమయానికి రాక క్యూరింగ్, అంటే కాంక్రీటును నీళ్లతో తడిపి ఉంచడం, నాలుగు రోజులతో ఆగిపోయింది. నిబంధన ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇప్పుడు అందరూ వాడే, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు స్లాబు తడి ఆరకూడదు. మా ఎండల్లో నేను 14 రోజులకు తక్కువ ఒప్పుకోను. ఆ ఇంట్లో రెండో వానాకాలానికే పడకగది కప్పు చెమర్చింది, మూడో ఏడు బాత్‌రూం కింది గది గోడ ఉబ్బింది. నన్ను పిలిచింది అప్పుడు. బాత్‌రూం టైల్స్ పగలగొట్టించి చూస్తే, పల్లంగా దించిన స్లాబులో వాటర్‌ప్రూఫింగ్ అసలు చేయనేలేదు, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ వేసేశారు. అన్నీ సరిచేయడానికి 2 లక్షల 40 వేలు అయింది. ఆ తల్లి ‘మేం ఒక్క వారం సెలవు పెట్టుకున్నా సరిపోయేది కదా సార్’ అని అడిగినప్పుడు నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఆ మాట నిజం.

దీనికి ఎదురుగా కాజీపేటలో రైల్వేలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఇల్లు గుర్తొస్తుంది. ఆయన ఉదయం ఏడింటికి ఒక నోటు పుస్తకం పట్టుకుని వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వచ్చిన ప్రతి సిమెంటు బస్తా, ప్రతి ఇసుక ట్రిప్పు, ఇనుము కాటా చీటీ, కూలీల సంఖ్య అన్నీ అందులో రాసేవారు. ఇంజినీరింగ్ ఆయనకు తెలియదు. కానీ 1,600 అడుగుల ఇంటికి ఆరు, ఆరున్నర టన్నుల ఇనుము, దాదాపు 700 బస్తాల సిమెంటు పడుతుందని నేను ముందే చెప్పి ఉంచాను కాబట్టి లెక్క ఎక్కడ తప్పుతుందో ఆయనకు తెలిసిపోయేది. బాత్‌రూంలో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది గదిలో చెమ్మ రాలేదని చూశాకే టైల్స్ వేయనిచ్చారు. ఇల్లు పూర్తవడానికి 14 నెలలు పట్టింది, ఖర్చు మాత్రం అంచనాకు 5 శాతం లోపే దాటింది. ఆ ఇల్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మీ ఇంట్లో ఆ నోటు పుస్తకం పట్టుకునేది ఎవరు? మీ నాన్నగారు ఆ పని చేస్తానంటున్నారని రాశారు. ఆయన వయసు 71 అని, మోకాళ్ల నొప్పి అని కూడా మీరే రాశారు. ఎండలో మెట్లు లేని కట్టడం మీదికి ఆయనను ఎక్కించే ఆలోచన దయచేసి మానుకోండి. మొత్తం బాధ్యత ఒక కాంట్రాక్టరుకే ఇస్తే సరిపోదా అంటే, ఇవ్వవచ్చు, నేనూ అలా తీసుకుంటాను. కానీ అప్పుడు కూడా యజమాని తరఫున చూసే మనిషి ఒకరు ఉండాలని నా దగ్గరికి వచ్చేవారికి నేనే చెబుతాను.

కొత్త ఇంటి కంటే పది పన్నెండేళ్ల ఇల్లు నిజం చెబుతుంది. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. అమ్మకం కోసమే కట్టి, లప్పం పెట్టి, రంగులేసి సిద్ధంగా ఉంచిన ఇంటి లోపల ఏముందో ఎంత అనుభవం ఉన్న ఇంజినీరైనా చూపుతో చెప్పలేడు. అదీగాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, ఎనిమిది యూనిట్ల లోపు కట్టే వాటికి రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు అవసరం లేదు. మన ఊళ్లలో అమ్మకానికి కట్టే విడి ఇళ్లన్నీ దాదాపు ఈ కోవలోవే, కాబట్టి రేపు పగులు వస్తే అడగడానికి మీ చేతిలో గట్టి ఆధారం ఉండదు. పన్నెండు వానాకాలాలు, పన్నెండు ఎండాకాలాలు చూసిన ఇల్లు తన లోపాలను ఈపాటికి బయటపెట్టేసి ఉంటుంది. యజమాని తాను ఉండటానికే కట్టుకుని, పన్నెండేళ్లూ తానే ఉన్న ఇల్లయితే నేను ఇంకొంచెం ఎక్కువ నమ్ముతాను. మీరు చూసిన ఇల్లు అలాంటిదే కావడం నా సలహాకు ఒక ముఖ్య కారణం.

ఆ ఇంటిని ఎలా చూడాలో చెబుతాను. ఒక ఇంజినీరును వెంట తీసుకువెళ్లండి, ఆయన రుసుము ఎంతైనా 88 లక్షల ముందు అది చిన్న మొత్తమే. మొదటిసారి పగటి వెలుతురులో వెళ్లండి. రెండోసారి గట్టి వాన కురిసిన మరునాడు వెళ్లండి. ఈ రెండో ప్రయాణాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. నా చెల్లెలి కోసం ఒక ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మొదటి రోజు నాకే ఏ లోపమూ కనిపించలేదు. వాన వెలిసిన మరునాడు వెళ్తే పూజగది వెనక గోడ మీద కొత్త రంగు చేయి వేస్తే ఊడివచ్చింది. నేలలోంచి చెమ్మ గోడకు ఎక్కుతోంది. బేస్‌మెంట్ స్థాయిలో చెమ్మను ఆపే పొర వేయని ఇళ్లలో ఇది ఆగే జబ్బు కాదు, అందుకే ఆ ఇల్లు వద్దన్నాను.

పగుళ్లన్నీ ఒకటి కావు. గోడకు, బీముకు మధ్య అడ్డంగా గీత గీసినట్టు ఉండే సన్నని పగులు ఇటుక, కాంక్రీటు కలిసే చోట వచ్చేది. జాలీ పెట్టి మళ్లీ గిలాబా (ప్లాస్టరింగ్) చేస్తే సరిపోతుంది. వెంట్రుకలా నాలుగు వైపులా పాకే పగుళ్లు గిలాబాకే పరిమితం. కానీ కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా దిగే పగులు, అందులోనూ నాణెం అంచు దూరేంత వెడల్పుది, పునాది ఒకవైపు కుంగిందని సూచన. బీము లేదా స్లాబు అడుగున ఇనుము దారి వెంబడే పొడవునా పగులు కనిపించి, తుప్పు మరక కారుతుంటే లోపలి ఇనుము ఉబ్బుతోందని అర్థం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా ధర ఎంత తగ్గించినా వెనక్కి వచ్చేయండి. స్లాబు అడుగును చిన్న సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్తే గట్టిగా ఉన్నచోట గణగణమని, పొర విడిచినచోట డొల్లగా వినిపిస్తుంది. ముఖ్యంగా బాత్‌రూంల కింద, పోర్టికో అంచుల్లో, వాటర్ ట్యాంకు కింద కొట్టి చూడండి. అనుమానం మిగిలితే పిల్లర్ల మీద, కాంక్రీటు గట్టిదనాన్ని అంచనా వేసే రీబౌండ్ హామర్ పరీక్ష చేయించండి, దానికి గోడ పగలగొట్టనవసరం లేదు.

ఆ తర్వాత డాబా ఎక్కి నాలుగు బక్కెట్ల నీళ్లు పోయించి అవి ఎటు పోతున్నాయో చూడండి. పాత వైరింగులో ఎర్తింగ్ ఉందా, ఏసీ, గీజర్లకు విడిగా లావు వైరు లాగారా అన్నది ఎలక్ట్రీషియన్ అరగంటలో చెబుతాడు. సంపును నింపి, మోటారు వేయకుండా ఒక రాత్రి ఉంచి మట్టం తగ్గిందేమో చూడండి.

ఇరుగుపొరుగును అడగడం మరవకండి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హనుమకొండల్లో ఎన్ని లోతట్టు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయో మీకు తెలుసు. ఆ రెండు సార్లూ ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయని ఎదురింటి వారిని, పక్కింటి వారిని వేర్వేరుగా అడగండి. మీ హసన్‌పర్తి ప్లాటు విషయంలో ఇలా అడగడానికి చుట్టుపక్కల ఇళ్లే లేవు. అక్కడ వాన నీరు ఎటు పారుతుందో నాలుగు వైపులా ఇళ్లు లేచాక గానీ తెలియదు. చెరువు దగ్గరుంటే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) దాటాక కూడా, పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణం ఉన్న చెరువులకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు కట్టడం నిషిద్ధం. కొనే ఇంటికైనా, కట్టే ప్లాటుకైనా ఈ దూరం ముందే చూసుకోవాలి.

వాస్తు గురించి ఒక మాట. మీకు నమ్మకం ఉంటే దాన్ని నేను గౌరవిస్తాను. నేను కట్టిన ఇళ్లన్నీ వాస్తు చూసే కట్టాను. కానీ ఆ పండితుణ్ణి బయానా ఇచ్చే ముందే ఇంటికి తీసుకువెళ్లండి. కొన్నాక మార్పులు మొదలుపెడితే ప్రమాదం. ఈశాన్యంలో మెట్లు ఉన్నాయని ఒకరు, ఇంజినీరును అడగకుండానే, ఇల్లు కొన్న నెలకే మెట్లను కూల్చేశారు. మెట్ల ల్యాండింగును మోసే బీము పక్క గది స్లాబుకు కూడా ఆసరా అని ఎవరూ చూడలేదు. స్లాబు అంచు పగిలింది, కింద ఇనుప ఆసరాలు నిలబెట్టి, కొత్త బీము వేయడానికి 5 లక్షలు అయ్యాయి. మనుషులకు ఏమీ కాలేదు, అంతే చాలు అనుకున్నాం. మార్చక తప్పని దోషం ఉందని పండితుడు చెబితే, ఆ మార్పు సాధ్యమేనా అని ఇంజినీరు చెప్పేదాకా ఆగండి. సాధ్యం కాకపోతే ఆ ఇల్లు మీది కాదనుకోండి.

పత్రాల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది న్యాయవాది చూడవలసిన పని. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు) అన్నీ, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదన్న నిర్ధారణ తప్పనిసరి. ఇంజినీరుగా నేను అదనంగా అడిగేవి రెండు. ఒకటి, మంజూరైన ప్లాను. కట్టిన ఇల్లు ప్లానులో ఉన్నన్ని అంతస్తులే ఉందా చూడండి. పైన 650 అడుగులకు అనుమతి లేకపోతే దాని విలువను మీ లెక్కలోంచి తీసేయాలి, బ్యాంకు కూడా ఎలాగూ తీసేస్తుంది. రెండు, ఇంటి పన్ను రసీదు. అనుమతి లేని భాగం ఉన్న ఇళ్లకు పన్నుతో పాటు జరిమానా కూడా వేస్తారు, ఆ గడిలో అంకె కనిపిస్తే యజమాని చెప్పని సంగతి అక్కడే బయటపడుతుంది.

ధర 50 లక్షలు దాటుతుంది కాబట్టి మీరు చెల్లించేటప్పుడు ఒక శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని యజమాని పాన్ మీద జమ చేయాలి. ఇది మీకు అదనపు భారం కాదు, ఆయనకిచ్చే దాంట్లోంచే. అయితే మన ప్రాంతంలో ఇంటి పత్రం అమెరికాలో ఉన్న కొడుకు పేరునో, కూతురి పేరునో ఉండటం మామూలు. అమ్మేది ఎన్ఆర్ఐ అయితే ఈ ఒక శాతం నియమం వర్తించదు, పట్టవలసింది చాలా ఎక్కువ. పట్టకపోతే ఆ బాధ్యత మీ మీద పడుతుంది. ముందే చార్టర్డ్ అకౌంటెంటును కలవండి.

ఇంత చెప్పినా, కట్టుకోమని నేను మనస్ఫూర్తిగా చెప్పే సందర్భాలు ఉన్నాయి. ఊళ్లోనే, చుట్టూ ఇళ్లున్న చోట మీ ప్లాటు ఉంటే మొదట చేసిన లెక్క తలకిందులయ్యేది. ఇంట్లో చక్రాల కుర్చీలో ఉండేవారు ఉంటే, గుమ్మాల వెడల్పు, బాత్‌రూం, ర్యాంపు అన్నీ వారికోసమే కట్టాలి. పాత ఇంట్లో అవన్నీ అమర్చడం కష్టం. కింద మీరు ఉండి పైన రెండు వాటాలు అద్దెకు ఇవ్వాలనుకునేవారికి కూడా కట్టుకోవడమే దారి. అనుమతి ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. 2020 నాటి బీపాస్ చట్టం (తెలంగాణ భవన అనుమతుల చట్టం) వచ్చాక 75 నుంచి 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి వస్తుంది. తప్పుడు వివరాలు ఇస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది కాబట్టి సెట్‌బ్యాకుల్లో (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీలో) అంగుళం కూడా కలుపుకోవద్దు. మీ ప్లాటుకైతే ముందు ఎల్ఆర్ఎస్ బాకీ చెల్లించి, ప్రొసీడింగ్స్ కాగితం (క్రమబద్ధీకరణ ఉత్తర్వు) చేతికి తీసుకోండి. కట్టకపోయినా ఆ పని వెంటనే చేయండి, ఆ కాగితం ఉన్న ప్లాటుకే మంచి ధర వస్తుంది.

ప్లాటు అమ్మకం, ఇంటి కొనుగోలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి వరస తప్పకుండా చూసుకోవాలి. 2014లో కొన్న ప్లాటు మీద వచ్చే లాభానికి పన్ను పడుతుంది. అమ్మిన రెండేళ్లలోపు ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా, అమ్మకానికి ముందు ఏడాదిలోపు కొని ఉన్నా మినహాయింపు దొరుకుతుంది. అయితే లాభాన్ని మాత్రమే కాదు, ఖర్చులు పోగా అమ్మిన మొత్తమంతా ఇంట్లో పెట్టాలి. మీరు 36 లక్షలూ పెడుతున్నారు, మీకు మరో ఇల్లు లేదు కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. బ్యాంకు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: 30 లక్షలు దాటి 75 లక్షల లోపు రుణాలకు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు. ఆ 6 లక్షలు మీ పొదుపులోంచే పోతాయి, కాబట్టి 14 లక్షలనూ బయానాకు వాడేయకండి.

ఇంటి యజమానికి ఈ వారమే ఫోన్ చేసి, ధర సంగతి ఎత్తకుండా, మంజూరు ప్లాను, ఈ ఏడాది పన్ను రసీదు నకళ్లు అడగండి. అవి ఇవ్వడానికి ఆయన వెనకాడితే అక్కడితో ఆపేయండి. ఇస్తే, మంచి వాన పడిన మరునాడు ఇంజినీరుతో వెళ్లండి. అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాకే బయానా. బయానా కాగితంలో గడువు కనీసం 90 రోజులు రాయించుకోండి, ఈలోగా ప్లాటు అమ్మకం పూర్తి కావాలి. బ్యాంకు రుణం మంజూరు కాకపోతే, పత్రాల్లో లోపం బయటపడితే బయానా తిరిగి ఇవ్వాలన్న వాక్యం కూడా అందులో తప్పకుండా ఉండాలి. ప్లాటు కొనేవారు దొరకడం ఆలస్యమైతే గడువు పొడిగించమని 60వ రోజుకే అడగండి, 89వ రోజు దాకా ఆగవద్దు.